నోరు మూసుకుని తీయించుకున్న ఫోటో

కాయల మార్కెట్లో ఆయన్ని అందరూ మూడోసారి అనే పిలుస్తారు. వేలంలో ఒకటోసారి, రెండోసారి అనడం ఎవరి వల్లనైనా అవుతుంది. మూడోసారి అనడానికి గుండె కావాలి. ఆ మాట పడి చేతిగంట మోగిందంటే కుప్ప కొన్నవాడిదైపోతుంది, అమ్మినవాడు తర్వాత తల పట్టుకున్నా లాభం ఉండదు. ఆ మాటను ఇంతకాలం తడబడకుండా, తిట్లు తినకుండా, తిన్నా లెక్కచేయకుండా పలికిన మనిషి ఆ మార్కెట్లో ఇంకొకరు లేరు. అందుచేత మాటే మనిషి పేరైంది. భార్య మాత్రం ఏమండీ అంటుంది, అదీ పని ఉన్నప్పుడే.

ఆయన చదువు ఊరి బడిలో ఐదో తరగతితో ముగిసింది. కాని అది అందరి చదువులాంటిది కాదు. ఆ బడికి గది ఒకటే, పంతులూ ఒకడే, ఆ పంతులుకు తెగని దగ్గు. అందువల్ల ఎక్కాలు చెప్పించడం, హాజరు పిలవడం, రానివాడి ఇంటికి వినబడేలా వీధిలో నిలబడి కేక వేయడం, అన్నీ ఈయన గొంతు మీదే నడిచాయి. బడిలో చదువుకున్నవాళ్లు ఎందరో ఉంటారు, బడిని నడిపిన విద్యార్థి ఎక్కడో ఒకడుంటాడు. ఈ సంగతి ఆయన నోట విననివారు మార్కెట్లో లేరు. ఒక్కసారే విన్నవారూ లేరు.

తర్వాతి ఘనకార్యాలు చెప్పుకుంటే చాలా ఉన్నాయి. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్న రోజున, చివరి వరసలో కూర్చున్న చెవిటి వ్యాపారికి కూడా వినబడేలా వేలంపాట నడిపించాడు. మార్కెట్ కమిటీవాళ్లు మైకు తెచ్చి పెడితే అది మొదటిరోజే కీచుమని ఏడ్చి మూలపడింది. ఆయన గొంతు ముందు యంత్రం నిలవలేదని అందరూ అన్నారు. వైరును ఎలక కొరికిందని ఆయన బామ్మర్ది ఒక్కడే అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద పని పలుకు పద్ధతి పెట్టడం. అంతకుముందు పాటలో జనం కనుబొమ్మ ఎగరేసేవారు, ముక్కు గీరుకునేవారు, చెయ్యి ఆడించేవారు. పాడినవాడెవడో, దోమను తోలుకున్నవాడెవడో తేలక రోజూ కొట్లాటే. ఈయన వచ్చి ఒకటే మాట చెప్పాడు. పిలిస్తే నోరు తెరిచి "ఉన్నా" అనాలి. పలకనివాడు ఆ కుప్ప వరకు లేనట్టే. అంతే, కొట్లాటలు సద్దుమణిగాయి. ఆ పద్ధతిని మార్కెట్టంతా పాటించింది గాని, అందరికన్నా గట్టిగా అలవాటైంది మాత్రం ఆయనకే. ఎవరు ఏది పిలిచి చెప్పినా వెంటనే గొంతెత్తి బదులివ్వాలి. లేకపోతే ఆయనకు తాను అక్కడ ఉన్నట్టే అనిపించదు. తర్వాత జరిగిన తంటా అంతా దీనివల్లే వచ్చింది.

ఆ ఏడు ఎండలు తగ్గుతున్న రోజుల్లో ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ముందు కనిపెట్టింది బామ్మర్దే. అతనికి అదే మార్కెట్లో బొప్పాయి కొట్టు ఉంది, రంగు చూసి కాయ ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పడమే అతని బతుకుతెరువు.

"బావా, ఒకసారి వెలుతురులోకి రా. నీ కళ్లు బాగా మగ్గాయి."

"నీ కొట్లో సరుకు చూసుకోరా. నా కళ్లతో నీకేం పని?"

"సరుకైతే ఈపాటికి అమ్మేసేవాణ్ణి. నిన్నెవడు కొంటాడు? పద, డాక్టరు దగ్గరికి."

నిజానికి ఆయనకూ తెలుసు. ఒళ్లంతా ఒకటే దురద, చేతిగంట పిడితో వీపు గోక్కుంటూ పాట నడిపిస్తున్నాడు. మూత్రం చిక్కటి డికాక్షన్ రంగులో పోతోంది. తిండి చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. భార్య అడిగితే ఎండదెబ్బ అన్నాడు. ఎండలు తగ్గాక దెబ్బేమిటని ఆవిడ అడిగితే, పాతదెబ్బ ఇప్పుడు బయటపడిందన్నాడు.

పొట్టజబ్బుల డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి విషయం చెప్పింది. కాలేయంలో తయారయ్యే పైత్యరసం సన్నటి నాళంలోంచి పేగులోకి దిగాలి. ఆ నాళానికి ఎక్కడో అడ్డం పడింది. దిగాల్సిన రసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోంది, అందుకే ఈ కామెర్లు.

"అడ్డం పడింది రాయా, గడ్డా, లేక నాళమే బిగుసుకుందా అన్నది తేలాలి," అంది. "ముందు అల్ట్రాసౌండ్ చేయిద్దాం. రేపు పొద్దున ఏమీ తినకుండా రండి."

మర్నాడు ఆయన ఏమీ తినలేదు. పెద్ద గ్లాసెడు పాల టీ తాగి వెళ్లాడు. టీ తిండి కాదని స్కానింగ్ గది గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా వాదించి, వాదనలో గెలిచి, స్కానింగ్ లేకుండా ఇంటికి వచ్చాడు.

ఆ మర్నాడు మాత్రం నిజంగానే ఖాళీ కడుపుతో వెళ్లాడు. అల్ట్రాసౌండ్ ఆయనకు నచ్చింది. పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి చిన్న పనిముట్టును అటూ ఇటూ జరిపితే, లోపల తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి తెర మీద బొమ్మ పడుతుందట. పుచ్చకాయను వేలితో కొట్టి లోపల ఎరుపో తెలుపో చెప్పడం ఆయన ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే.

"నాయనా, కాస్త గట్టిగా కొట్టి చూడు. లోపలిది బాగా పలుకుతుంది," అని స్కానింగ్ డాక్టరుకు సలహా ఇచ్చాడు.

"మాట్లాడకండి. పొట్ట కదులుతోంది."

"కదలనివ్వను, హామీ నాది," అన్నాడు ఆయన, మరోసారి పొట్ట కదిలిస్తూ.

పిత్తాశయంలో చిన్న చిన్న రాళ్లున్నాయని, నాళం ఉబ్బి ఉందని ఆ బొమ్మలో తేలింది. నాళం కింది చివర మాత్రం పేగులోని గాలి అడ్డం వచ్చి కనబడలేదు. ఆ చివరి సంగతి వదిలేసి ఆయన మొదటి సగాన్ని మార్కెట్‌కు పట్టుకెళ్లాడు. పొట్టలో రాయి దొరికిందని ప్రకటించాడు. ఆ పొద్దున బఠాణీ గింజంత ఉన్న రాయి, మధ్యాహ్నానికి నిమ్మకాయంత అయింది. బామ్మర్ది ఆపకపోతే సాయంత్రానికి పాటకు వచ్చేది.

తర్వాత సీటీ స్కాన్ తీశారు. చేతి నరంలోకి మందు ఎక్కించి, గుండ్రటి ద్వారంలాంటి యంత్రంలోకి బల్లను నెట్టి, చూస్తుండగానే అయిపోయిందన్నారు. అంత తొందరగా తేల్చే పని మీద ఆయనకు నమ్మకం కుదరలేదు. ఫిల్ములు పట్టుకుని ముగ్గురూ డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు. ఆవిడ వాటిని వెలుగుతున్న తెల్లపెట్టెకు తగిలించి చాలాసేపు చూసింది.

"నాళం కింది చివరి దాకా ఉబ్బి ఉంది. అక్కడ రాయి మాత్రం కనబడటం లేదు. నాళాన్ని ఆనుకుని ఉండే క్లోమం తల దగ్గర కాస్త బొద్దుగా ఉంది. గడ్డ ఉందని అనను, లేదనీ అనలేను."

భార్య ఒళ్లోని సంచి పిడిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. బామ్మర్ది ఎప్పుడూ లేనిది ఏ జోకూ వేయలేదు. ఆయన ఇద్దరినీ చూసి గొంతు సవరించుకున్నాడు.

"మొదటి ఫోటో రాయంది, రెండోది గడ్డంటోంది. ఎవరి పాట ఖాయం చేస్తారమ్మా?"

"ఇది పాట కాదు పెద్దాయనా. ఒక్కో ఫోటోకి ఒక్కో చూపు. పిత్తాశయంలో రాళ్లు పట్టడంలో అల్ట్రాసౌండ్ దిట్ట, కాని పేగు గాలి అడ్డం వస్తే గుడ్డిదే. సీటీకి గాలి అడ్డం కాదు. చుట్టుపక్కల గడ్డలున్నాయా, ఎంతవరకు పాకాయి, అన్నీ చూపిస్తుంది. అయితే కొన్ని రాళ్లు దానికి రసంలాగే కనబడతాయి, విడిగా తేలవు. కాబట్టి రాయి లేదని ఇప్పుడే అనుకోవద్దు."

"అంటే రెండూ చూశాయి, రెండూ తేల్చలేదు. మా మార్కెట్లో ఇలాంటి తూకంవాళ్లని..."

"ఏమండీ," అంది భార్య.

"తేల్చే దారి ఉంది," అంది డాక్టరమ్మ. "సన్నటి గొట్టం. దాని కొసకి అల్ట్రాసౌండ్ ఉంటుంది. నోట్లోంచి లోపలికి పంపి నాళం పక్కనే నిలబడి చూస్తాం. చిన్న నలుసున్నా దొరుకుతుంది."

"నోట్లోంచా?" అన్నాడాయన. అంతవరకు గదికి సరిపడా ఉన్న గొంతు ఒక్కసారి ఇంత చిన్నదైంది.

గడ్డ అన్నప్పుడు చలించని మనిషి గొట్టం అనగానే బిగుసుకుపోవడానికి కారణం ఉంది. ఆయనకన్నా ముందు ఆ మార్కెట్లో వేలం నడిపినాయన్ని కంచుతాత అనేవారు. ఈయనకు ఆ విద్య నేర్పింది కూడా ఆయనే. ముసలితనంలో కంచుతాతకు ఏదో పెద్ద ఆపరేషన్ అయింది, రోజుల తరబడి గొంతులో గొట్టం పెట్టారు. మనిషి బతికి వచ్చాడు, గొంతు రాలేదు. గాలి ఆడినట్టుండేది ఆయన మాట. అలవాటుకొద్దీ రోజూ వచ్చి మొదటి వరసలో కూర్చునేవాడు. చివరికి ఒకనాడు ముచ్చటపడి తనే ఒక కుప్పకు పాడబోయాడు. పెదవులు కదిలాయి, మాట వినబడలేదు. పలకనివాడు లేనట్టే గదా. కుప్ప పక్కవాడికి పోయింది. ఆ పద్ధతి పెట్టిందీ, ఆ రోజు గంట కొట్టిందీ ఈయనే. మర్నాటి నుంచి కంచుతాత మార్కెట్‌కు రాలేదు.

"మా గొట్టం అన్నవాహికలో పోతుంది, గొంతు జోలికి రాదు," అని ఆ కథంతా విన్న డాక్టరమ్మ నచ్చజెప్పింది. "ఒకటి రెండు రోజులు మంటగా ఉంటుంది, అంతే."

"మా కంచుతాతకీ అలాగే చెప్పుంటారమ్మా. బయటి నుంచి తీసే ఫోటో ఇంకోటి లేదా?"

ఉందని ఆవిడ చెప్పింది. ఎమ్మారైలో ఒక రకం. సూది లేదు, గొట్టం లేదు. నిలిచి ఉన్న రసం తెల్లగా వెలుగుతుంది. నాళమంతా తెల్లటి కొమ్మలా కనబడుతుంది. మధ్యలో రాయి ఉంటే నల్లటి చుక్కలా ఉంటుంది, గడ్డ నొక్కుతుంటే కొమ్మ అక్కడ విరిగినట్టు ఆగిపోతుంది.

"అదే కావాలి! అదే ముందు చెప్పాల్సింది!"

"దానికి ఒక షరతుంది. యంత్రం చెప్పినప్పుడల్లా ఊపిరి ఆపి, కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి."

బామ్మర్దికి పోయిన జోకు తిరిగొచ్చింది. "డాక్టరుగారూ, మా బావకి గొట్టమే తేలికండి."

"ఒకటి మాత్రం చెబుతున్నా," అంది డాక్టరమ్మ, నవ్వు ఆపుకుని. "ఈ ఫోటో సరిగ్గా రాకపోతే గొట్టంతోనే చూస్తాను. మధ్యలో చలిజ్వరం వచ్చిందంటే నాళంలో చీము పట్టినట్టే, అప్పుడు అసలు ఏ ఫోటో కోసమూ ఆగను."

ఎమ్మారై గదిలోకి లోహపు వస్తువులేవీ తేకూడదన్నారు. ఎక్కడికెళ్లినా వెంట ఉండే చేతిగంటను బయటే భార్య చేతికి ఇచ్చి లోపలికి వెళ్లాడు. అక్కడి అమ్మాయి ఆయన్ని సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, చేతిలో రబ్బరు బుడ్డి పెట్టింది.

"అంకుల్, లోపల బాగా చప్పుడొస్తుంది. భయపడకండి. మరీ ఇబ్బందైతే ఇది నొక్కండి, నేను వచ్చేస్తా."

చప్పుడుకు ఆయన భయపడటమా! బల్ల సొరంగంలోకి జరిగింది. కాసేపు రేకుల షెడ్డు మీద సుత్తులు పడ్డట్టు మోత మోగింది. తర్వాత డొప్పల్లోంచి ఒక ఆడగొంతు పిలిచింది. "ఊపిరి పీల్చుకోండి."

"పీల్చుకున్నా!" అన్నాడు ఆయన.

"వదలండి."

"వదిలా!"

"ఆపండి."

"ఆపా!"

సొరంగం ఆయన గొంతు కోసమే కట్టినట్టు ఉంది, మూడు మాటలూ అద్భుతంగా పలికాయి. అమ్మాయి గొంతు డొప్పల్లోకి వచ్చింది.

"అంకుల్, జవాబు చెప్పకండి. అది రికార్డు, మీ మాట వినదు."

"రికార్డైతే మాత్రం? పిలిచింది గదమ్మా."

"పిలిస్తే పిలవనీయండి. మీరు పలికితే ఫోటో చెదిరిపోతుంది."

సరేనన్నాడు. మళ్లీ రికార్డు పిలిచింది. ఈసారి పెదవులు రెండూ గట్టిగా బిగించాడు. పీల్చుకోమంటే పీల్చుకుని బుడ్డి నొక్కాడు. వదలమంటే వదిలి నొక్కాడు. ఆపమంటే మరింత గట్టిగా నొక్కాడు. బయట అమ్మాయి గదిలో అలారం గణగణమని మోగింది, యంత్రం ఆగింది, అమ్మాయి చెప్పులు టపటపలాడిస్తూ పరుగున వచ్చింది.

"ఏమైంది అంకుల్? ఊపిరాడటం లేదా?"

"భేషుగ్గా ఆడుతోంది. నోరు తెరవొద్దన్నావుగా, ఉన్నానని ఇలా చెప్పా."

అమ్మాయి బల్లను బయటికి లాగి, తెర మీది బొమ్మను ఆయనకే చూపించింది. తడిచేత్తో తుడిచిన పలకలా ఉంది. వెనకాల ఇంకో పేషెంటు వంతు వచ్చేసింది. రేపు రమ్మంది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి సాధన చేయించింది. తను వంటగది గుమ్మంలో నిలబడి, "ఊపిరి ఆపండి," అంటుంది. ఆయన, "ఆపానే," అంటాడు. మళ్లీ అంటుంది. ఆయన పెదవులు బిగించి, తల ఊపుతాడు. తల ఊపొద్దని ఆవిడ అంటుంది. ఊపనని ఆయన అంటాడు. చివరికి ఆవిడ వచ్చి మంచం పట్టె మీద కూలబడింది.

"మీకేం రోగమండీ? కాసేపు ఊరుకుంటే ఏం పోయింది?"

ఆయన పైకప్పు కేసి చూశాడు. "పలక్కపోతే లేనట్టే గదే," అన్నాడు. "ఆ సొరంగంలో ఒక్కణ్ణే ఉంటాను. రాయో, గడ్డో, ఏదో ఒకటి నాతోపాటు ఉంటుంది. అది పిలుస్తుంటే పలక్కుండా పడుకుంటే..."

ఆవిడ ఇంకాస్త దగ్గరికి జరిగింది. పచ్చబడ్డ ఆయన చేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతి మీద గోకుడు గీతలు కట్టి ఉన్నాయి.

"ఒకటి అడుగుతా చెప్పండి. రెండోసారి అన్నాక, మూడోసారి అనేముందు మీరేం చేస్తారు?"

"ఆగుతా."

"ఆగి?"

"ఊపిరి బిగబట్టి వింటా. ఎవడైనా పైకి పాడతాడేమోనని."

"ఆ కాసేపూ మీరు లేనట్టా?"

ఆయన మోచేయి ఆన్చి లేచి కూర్చున్నాడు. "ఏం మాటే అది! ఆ కాసేపేగా నేను ఉండేది! మార్కెట్టంతా నా నోటికేసి చూసేది అప్పుడే. ఒకటోసారి, రెండోసారి అనడం ఎవడికైనా వస్తుంది. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా. అది కంచుతాత నాకు..."

"అదే, రేపు అక్కడ ఆగండి," అని ఆవిడ వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు సొరంగంలో రికార్డు గొంతు పీల్చుకోమంది. ఆయన మనసులో ఒకటోసారి అనుకున్నాడు. వదలమంది. రెండోసారి. ఆపమంది.

ఆయన ఆగాడు.

సుత్తులు మోగుతున్నాయి. ఎదురుగా, ఎప్పుడూ ఉండే జనం బదులు, ఇద్దరే కూర్చున్నట్టు తోచింది. ఒకడు రాయి, ఇంకొకడు గడ్డ. ఎవరి మొహమూ సరిగా కనబడటం లేదు. ఇన్నేళ్లలో ఆయన ఎవరి పక్షమూ వహించలేదు. ఎవరు పైకి పాడితే వాళ్లదే కుప్ప. ఈసారి మాత్రం, సిగ్గు విడిచి, రాయి వైపే చూశాడు. పాడరా నాయనా, పాడు, అని నోరు తెరవకుండా బతిమాలాడు. కంచుతాత మొదటి వరసలో పెదవులు కదుపుతున్నట్టనిపించింది. ఈసారి మాత్రం గంట కొట్టకుండా ఆగాడు.

"ఊపిరి తీసుకోండి," అంది రికార్డు. తీసుకున్నాడు. పలకలేదు. అలా ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. బల్ల బయటికి వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది.

"సూపర్ అంకుల్! ఇంత బాగా ఆపినవాళ్లని ఈ మధ్య చూళ్లేదు," అంది అమ్మాయి.

"ఇదేం చూశావు! వడగళ్లవానలో ఆపినవాణ్ణి," అని అక్కడే మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ తెల్లపెట్టెకు కొత్త ఫిల్ము తగిలించింది. నల్లటి ఆకాశంలో మెరుపు తీగలాగా, తెల్లటి కొమ్మ. కింది చివరికి కాస్త పైన, గుండ్రటి నల్లచుక్క. క్లోమం శుభ్రంగా ఉంది.

"రాయే," అంది. "గడ్డ లేదు."

భార్య సంచి పిడి వదిలేసింది. బామ్మర్ది అటు తిరిగి ముక్కు చీదాడు. ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, ఇదంతా తనకు ముందే తెలుసన్నట్టు కాలు మీద కాలు వేశాడు.

"చూశారా? గొట్టం లేదు, గిట్టం లేదు. నోరు మూసుకుని తేల్చేశాం. మరి తీసేదెప్పుడమ్మా?"

"ఎల్లుండి తీసేద్దాం."

"ఎలా తీస్తారు?"

డాక్టరమ్మ బామ్మర్దిని చూసింది. బామ్మర్ది అక్కను చూశాడు. అక్క కిటికీలోంచి బయటికి చూసింది.

"గొట్టంతో," అంది డాక్టరమ్మ. "నోట్లోంచి."

ఆ గదిలో ఆయన పలకకుండా ఉన్నది అదే మొదటిసారి. తేరుకున్నాక, "మరి ఇన్ని ఫోటోలు దేనికి?" అన్నాడు. అడిగిన తీరులో కోపం కన్నా దిగులే ఎక్కువుంది.

"ఇది వేరే గొట్టం పెద్దాయనా. దీంతో నాళంలోకి వెళ్లి రాయిని బయటికి లాగుతాం. దీనివల్ల కొందరికి క్లోమం వాస్తుంది, అందుకే ఊరికే చూడటానికి దీన్ని వాడం. లోపల తీయాల్సింది ఉందని ఖాయంగా తెలిస్తేనే వేస్తాం. గడ్డ అయ్యుంటే మన దారే వేరు. ఇప్పుడు మీ ఫోటో పుణ్యమా అని నేరుగా రాయి దగ్గరికే పోతాను."

"బావా, నువ్వు గొట్టం తప్పించుకోవడానికి తీయించిన ఫోటో, గొట్టానికి దారి చూపించింది," అన్నాడు బామ్మర్ది.

"నోర్ముయ్యరా."

"ఇంట్లో ఒక్కరు మూసుకుంటే చాలు గదా."

గొట్టం వేసే రోజు పొద్దున వార్డులో ఆయన నోరు ఆగలేదు. పోయేదేదో పోయేలోపు వాడుకుందామన్నట్టు బడి దగ్గర్నుంచి మైకు దాకా, మైకు దగ్గర్నుంచి పలుకు పద్ధతి దాకా అన్నీ పక్క మంచాలవాళ్లకు వినిపించాడు. మత్తు ఇచ్చేవాళ్లు తోపుడు మంచంతో వచ్చేసరికి వడగళ్లవాన సగంలో ఉంది. మిగతా సగం నడవా పొడుగునా చెబుతూనే వెళ్లాడు. తలుపు మూసుకున్నాక కూడా కాసేపు వినబడింది. తర్వాత ఆగిపోయింది. బయట బెంచీ మీద భార్య చేతిగంట నాలుక మోగకుండా వేలితో పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి మెలకువ వచ్చింది. భార్య వంగి, "ఎలా ఉందండీ?" అంది. తల ఊపాడు. బామ్మర్ది, "బావా, మాట్లాడు," అన్నాడు. చెయ్యి ఆడించి వద్దన్నాడు. నొప్పి ఉందా అంటే లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. గొంతులో గరగర తెలుస్తోంది. ఆ గరగర వెనకాల ఏమైనా మిగిలిందో లేదో పలికి చూడాలి, పలికితే తెలిసిపోతుంది. తెలియకుండా ఉన్నంతసేపు గొంతు ఉన్నట్టే. అందుకని రెండు పెదవులూ ఎమ్మారైలో బిగించినట్టే బిగించి పడుకున్నాడు. పిలిచినవాళ్లకు పలకకుండా అంతసేపు ఉండటం ఆయన జీవితంలో ఎన్నడూ లేదు. భార్య కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. కడుపు నొక్కి చూసింది, నొప్పేమీ లేదని సంతోషించింది.

"అంతా బాగా జరిగింది. నాళం నోరు కాస్త వెడల్పు చేసి రాయి తీసేశాం. కామెర్లు మెల్లగా దిగుతాయి. పిత్తాశయంలో మిగిలిన రాళ్ల సంగతి..."

తర్వాత, తర్వాత అని భార్య ఆయన తలగడ వెనక నుంచి సైగ చేసింది. ఆయన అది గమనించలేదు. ఆయన కళ్లు డాక్టరమ్మ చేతుల్ని వెతుకుతున్నాయి. ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో ఏమీ లేదు. ఆయన తన అరచేయి చాపాడు, ఏదీ అన్నట్టు.

"రాయా? రాయి లేదు పెద్దాయనా. దాన్ని పేగులోకి తోసేశాం. అదే పోతుంది."

"పోతుందా!" అన్నాడు ఆయన. "ఎక్కడికి పోతుందమ్మా? నిమ్మకాయంత రాయి అని మార్కెట్టంతా చెప్పాను! రేపు వెళ్లి ఏం చూపించమంటారు? అది నా రాయి! నన్ను అడక్కుండా పేగులోకి తోయడమేంటి?"

ఎదురు వరసలో నిద్రపోతున్న పేషెంటు లేచి కూర్చున్నాడు. నడవాలో ఎవరిదో పళ్లెం కింద పడింది. నర్సు గుమ్మంలోకి వచ్చి, "ఎవరండీ ఆ అరుపు?" అంది.

బామ్మర్ది రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, ఎవరికో తెలియదు. భార్య నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియనట్టుంది. తన గొంతు తిరిగొచ్చిందని గమనించనివాడు ఆ వార్డులో ఆయన ఒక్కడే. ఆయన ఇంకా రాయి గురించే కొట్లాడుతున్నాడు.

కళ్లు తెల్లబడ్డాక మార్కెట్‌కు వెళ్లాడు. రాయి లేదు గనక ఎమ్మారై ఫిల్ము పట్టుకెళ్లాడు. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, తెల్లటి కొమ్మను, నల్లటి చుక్కను అందరికీ చూపించాడు. చుక్క చిన్నదిగా ఉందని ఒకడంటే, దూరం నుంచి తీశారని చెప్పాడు. ఇన్ని ఘనకార్యాల్లో నోరు మూసుకుని సాధించింది ఇదొక్కటేనని బామ్మర్ది అంటే కాదనలేదు, పైగా అందుకే ఇది అన్నిటికన్నా పెద్దదన్నాడు.

కంచుతాత కూర్చునే చోటు మొదటి వరసలో ఖాళీగానే ఉంది. ఎవరో అక్కడ కూర్చోబోతే పక్కకు జరగమన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఆ రోజు నుంచి మార్కెట్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఒకటోసారి అంటాడు, రెండోసారి అంటాడు. తర్వాత గంట ఎత్తి పట్టుకుని, సొరంగంలోని ఆ రికార్డు గొంతును గుర్తు చేసుకుని, "ఊపిరి ఆపండి!" అంటాడు. చివరి మాటకు ముందు ఒక్క క్షణం మార్కెట్టంతా నిశ్శబ్దంగా ఉండాలని, గొంతు లేనివాడు పెదవి కదిపినా కనబడాలని ఆయన ఉద్దేశం.

అయితే పిలిస్తే పలకాలన్నది పాత పద్ధతి, ఎముకల్లో ఇంకిపోయింది. ఆయన ఆపండి అనగానే, మొదటి వరస నుంచి చెవిటి వ్యాపారి దాకా అందరూ ఒక్క గొంతుతో, రేకులు అదిరేలా అరుస్తారు.

"ఆపాం!"